కొండవాలు ఇంట్లో వానాకాలం: ఎప్పుడు కదలాలి, ఎటు కదలాలి

విజయవాడలో కొండ మీద మెట్ల దారిలో ఇల్లు, వంటగది వెనక పదడుగుల మట్టి కోత, దానికి ఆనించి కట్టిన రాతి గోడ, ఆ గోడకి ఈ మధ్య నడుమ పొట్ట వచ్చినట్టు కనిపిస్తోంది; ఈ వానాకాలం ఇక్కడే ఉండొచ్చా, కొండచరియ పడేలా ఉంటే ఏం చేయాలి అని అడిగారు.

ముందు అడిగినదానికి సూటిగా చెప్తాను. పొట్ట వచ్చిన గోడ పక్కన వంట చేయకండి, పిల్లల్ని పడుకోబెట్టకండి. పొయ్యిని ఈరోజే ముందు గదిలోకి మార్చండి. భారీ వర్షం హెచ్చరిక ఉన్న రాత్రి ఆ ఇంట్లో నిద్రపోవద్దు. మామూలు రోజుల్లో ఉండొచ్చా లేదా అన్నది సివిల్ ఇంజనీరు వచ్చి గోడను చూసి తేల్చాలి. ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు, చెప్తే నమ్మకండి.

ఇప్పుడు వివరంగా. కొండచరియ పడటానికి చాలావరకు కారణం నీళ్ళు. వాలు మీద మట్టిని పట్టి ఉంచేది రేణువుల మధ్య రాపిడి. నీరు ఇంకి ఆ సందుల్లో ఒత్తిడి పెంచితే రాపిడి తగ్గుతుంది, పైగా తడిసిన మట్టి బరువూ పెరుగుతుంది. అందుకే ఒక్క గంట కుండపోత కన్నా, రెండు మూడు రోజులు ముసురు పట్టి ఆ పైన పడే కుండపోత ప్రమాదం. వాన ఆగిందని ఊపిరి పీల్చుకోవడం కూడా పొరపాటే. పైన ఇంకిన నీరు లోపల్లోపల కిందికి దిగడానికి సమయం పడుతుంది. వాన వెలిసిన కొన్ని గంటలకో, మర్నాడో పడిన చరియలు ఎన్నో ఉన్నాయి.

మీ గోడ సంగతే లెక్క చూడండి. పదడుగులంటే మూడు మీటర్లు. వెనక మట్టి పొడిగా ఉన్నప్పుడు ఆ గోడ మీద, ప్రతి మీటరు పొడవుకి, సుమారు రెండున్నర నుంచి మూడు టన్నుల తోపుడు ఉంటుంది. వెనక పైదాకా నీళ్ళు నిలిస్తే అది ఆరు టన్నుల దగ్గరికి పోతుంది. మట్టి మారలేదు, గోడ మారలేదు, తోపుడు రెట్టింపయింది. ఆ నీటిని బయటికి పంపడానికే గోడలో వీప్ హోల్స్ పెడతారు: 75 లేదా 100 మిల్లీమీటర్ల పైపులు, బయటివైపు కాస్త వాలుగా, సుమారు ఒకటిన్నర మీటరుకి ఒకటి, పై వరసా కింది వరసా ఎదురెదురు రాకుండా. వాటి వెనక అడుగు మందాన కంకర, కంకరలోకి మట్టి రాకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ ఉండాలి. మన కొండల మీద కట్టే చాలా గోడల్లో ఈ కంకర కనిపించదు. పైపు పెడతారు, వెనక నేరుగా మట్టే నింపుతారు, రెండు వానలకి పైపు మూసుకుపోతుంది. ఇంకొందరు గోడకి నున్నగా ప్లాస్టరింగ్ చేయించి, రంగు వేయించి, కన్నాలన్నీ పూడ్చేస్తారు. చూపుకి బాగుంటుంది, గోడ మాత్రం ఆనకట్ట అవుతుంది. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో చందనోత్సవం క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ వానకి కూలి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. కొత్త గోడ కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. గట్టి వాన పడ్డాక వీప్ హోల్స్ చూడండి. మట్టి తడిసి ఉన్నా చుక్క నీరు రావడం లేదంటే పైపులు మూసుకుపోయాయి. సన్నటి ఇనుప చువ్వతో, వాన లేని రోజున, గోడకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి కెలకండి. తేట నీరు వస్తుంటే మంచిదే. ఎర్రటి బురద నీరు వస్తుంటే గోడ వెనక మట్టి కొట్టుకుపోయి బోలు ఏర్పడుతోందని అర్థం, అది పొట్ట రావడం కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు.

గోడ పైభాగాన, కోతకి ఎగువన నేల కూడా చూడాలి. వాలుకి అడ్డంగా, నెలవంకలా వంగిన పగులు కనిపిస్తే అది అసలు సంకేతం: కింది ముద్ద పై కొండ నుంచి విడిపోతోంది. పగులుకి చెరో పక్కన ఒక మేకు కొట్టి, రెంటి మధ్య దూరం స్కేలుతో కొలిచి, తేదీతో రాసుకోండి. గోడ మీది పగులుకైతే రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తే చాలు. రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతున్నా ఇంజనీరుని పిలవాలి. వాన కురుస్తుండగా గంటల్లోనే పెరుగుతోందంటే ఇక కొలవడం ఆపి ఇల్లు వదలండి. తలుపులు, కిటికీలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, నేలపలకల మధ్య సందు రావడం, కరెంటు స్తంభం గానీ చెట్టు గానీ వంగడం, ఎప్పుడూ లేని చోట ఊట పుట్టడం ఇవన్నీ అదే కథలోవి.

పగులు కనిపించగానే జనం సిమెంటు పోస్తారు. సిమెంటు గట్టిగా ఉంటుంది, కింద నేల కదులుతుంది, పక్కనే కొత్త పగులు తెరుచుకుంటుంది. దానికి బదులు జిగట మట్టితో నింపి దిమ్మిసతో కొట్టి, పైన టార్పాలిన్ కప్పండి. టార్పాలిన్ పై అంచు పగులుకి కనీసం ఒక మీటరు ఎగువన ఉండాలి, ఆ అంచుని చిన్న కాలువ తవ్వి అందులో పూడ్చాలి. లేకపోతే నీరు పట్టా కిందుగా పోయి నేరుగా పగులులోకి దిగుతుంది. రెండు పట్టాలు కలిపేచోట పైది కిందిదాని మీద పడాలి, ఇంటి పెంకు పేర్చినట్టు. బరువుకి ఇసుక మూటలు చాలు, బండరాళ్ళు పెట్టకండి.

వాననీటి కన్నా ముందు మన ఇళ్ళ నీళ్ళ గురించి మాట్లాడుకోవాలి. వాన ఏడాదికి కొన్ని నెలలే. వాడుక నీరు రోజూ కొండలోకి ఇంకుతుంది. మీ ఇంటికి పైనున్న ఇళ్ళ స్నానాల నీళ్ళు, నిండి పొర్లే ట్యాంకులు, లీకయ్యే కుళాయి పైపులు, ఇంకుడు గుంతలు అన్నీ మీ వంటగది వెనకకే వస్తాయి. మైదానంలో ఇంకుడు గుంత మేలు చేస్తుంది. నిటారు వాలు మీద అది చేసేది కీడే. వాడిన నీరంతా పైపులో పట్టి మెట్ల పక్క కాలువలోకి వదలాలి. ఇది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు, పై వరసవాళ్ళతో మాట్లాడి, వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అర్జీ పెట్టి చేయించుకోవాల్సిందే. గొడవలవుతాయి, అయినా వానాకాలానికి ముందే అయితే మేలు.

ఇంకో గది కోసం కొండ అడుగుని తవ్వడం మాత్రం ఎవరు చేస్తున్నా ఆపించండి. పై మట్టికి కాలు అదే. కోత తప్పనిసరైతే కనీసం కోత ఎత్తంత ఖాళీ వదిలి ఇల్లు కట్టాలి. ఊళ్ళో స్థలం ధరలకి అది ఎవరికీ నచ్చదని తెలుసు. వట్టివేరు నాటమని చాలామంది సలహా ఇస్తారు. మంచిదే, వేళ్ళు రెండు మూడు మీటర్ల లోతుకి నిలువుగా దిగుతాయి, పిలకల్ని వరసలో జానెడు కన్నా దగ్గరగా నాటాలి. కానీ పట్టు రావడానికి కనీసం ఒక వానాకాలం గడవాలి, అదీ పైపొర జారకుండా కాపాడుతుందే తప్ప ఇప్పటికే పొట్ట వచ్చిన గోడని నిలబెట్టదు.

మన దగ్గర రాయిని బట్టి ప్రమాదం తీరు మారుతుంది. తూర్పు కనుమల్లో, విజయవాడ, విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ రాయి ఎండకీ వానకీ కుళ్ళి ఎర్రమట్టిగా మారుతుంది, మధ్యలో కుళ్ళని గుండ్లు మిగిలిపోతాయి. వాన మట్టిని కడిగేస్తే గుండు దొర్లుతుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో ఇళ్ళ మీద పడి ప్రాణాలు తీసినవి అలాంటి బండరాళ్ళే. అరకు వెళ్ళే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద వానాకాలంలో తరచూ రాళ్ళూ మట్టీ పడేదీ ఈ కనుమల్లోనే. తిరుమల కొండ వేరు. అక్కడ గట్టి క్వార్ట్‌జైట్, కానీ నిలువునా చీలికలు. నీరూ చెట్ల వేళ్ళూ ఆ చీలికల్ని వెడల్పు చేస్తాయి, ఉన్నట్టుండి పెద్ద దిమ్మ ఊడుతుంది. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పడినవి అవే. మట్టి జారేముందు పగుళ్ళు చూపిస్తుంది. రాయి ముందుగా ఏమీ చెప్పకపోవచ్చు. అందుకని మీ ఇంటి ఎగువన గుండు ఉంటే వాన లేని రోజున దూరం నుంచి చూడండి: కింద మట్టి కొట్టుకుపోయి గుహలా ఉందా, చీలికలో రావి మొక్క మొలిచిందా, కొత్తగా చితికిన రాతి పొడి రాలుతోందా. ఉంటే నగరపాలక సంస్థకి ఫొటోలతో రాయండి. ఇనుప వల వేయడం, బోల్టులు దించడం, గుండుని పగలగొట్టి తీయడం వాళ్ళ ఇంజనీర్లు చేయించాలి. గునపాలతో మీరే దొర్లించే ప్రయత్నం వద్దు, అది ఏ ఇంటి మీదికి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఎప్పుడు ఖాళీ చేయాలి? ఇదొక్కటే మీరు ముందే, ఎండ కాసే రోజునే తేల్చి పెట్టుకోవాల్సిన విషయం. అర్ధరాత్రి వానలో కూర్చుని ఇంట్లోవాళ్ళు వాదించుకుంటే ఎప్పుడూ "ఇంకో గంట చూద్దాం" అనే మాటే గెలుస్తుంది. 2020 ఆగస్టు 6న కేరళలోని పెట్టిముడిలో తేయాకు కార్మికుల వరస ఇళ్ళు కొట్టుకుపోయింది రాత్రిపూటే. వయనాడ్‌లో 2024 జులై 30న ముండక్కై, చూరల్‌మల మీద చరియ పడిందీ జనం నిద్రలో ఉండగానే. 

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ. కానీ ఆ హెచ్చరిక జిల్లాకి. మీ కొండ మీద ఎంత పడిందో మీరే కొలవొచ్చు. మూతి, అడుగు ఒకే వెడల్పున్న నిలువు డబ్బా ఒకటి తీసుకోండి. నడుము సన్నమున్న సీసాలు పనికిరావు. చెట్టు, చూరు నీడ పడని చోట, నేలకి అడుగు ఎత్తున కదలకుండా నిలపండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కేలు ముంచి లోతు మిల్లీమీటర్లలో రాసుకుని పారబోయండి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే. పది మిల్లీమీటర్ల లోతంటే పది మిల్లీమీటర్ల వాన, వేరే లెక్క అక్కర్లేదు. 

ఎన్ని మిల్లీమీటర్లకి కొండ పడుతుందో చెప్పే అంకె అన్నిచోట్లా ఒకటి కాదు. మీలాంటి ఇంటికి నేను పెట్టే గీత ఇది: ఒక రోజులో 100 దాటితే, లేదా మూడు రోజులు కలిపి 150 దాటి ఇంకా ముసురు ఉంటే, లేదా ఆరెంజ్, రెడ్ హెచ్చరిక వచ్చి నేల అప్పటికే తడిసి ఉంటే, చీకటి పడక ముందే బంధువుల ఇంటికో పునరావాస కేంద్రానికో వెళ్ళిపోవాలి. ఇది చట్టం కాదు, కావాలనే కాస్త ముందుకి జరిపి పెట్టిన గీత. పది సార్లు వెళ్ళి తొమ్మిది సార్లు ఏమీ కాకపోతే నష్టం ఆటో చార్జీలే. హెచ్చరికల కోసం ఫోన్లో సచేత్ యాప్ పెట్టుకోండి, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) వాళ్ళ భూస్ఖలన్ యాప్ కూడా ఉంది. నంబర్లు: 112, రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077.

ఇల్లు వదిలేటప్పుడు పట్టుకెళ్ళే సంచి గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే: జిప్ కవరులో కాగితాలు, వారం మందులు, టార్చి, పవర్ బ్యాంకు, కొంత నగదు. రెండు మాత్రం మర్చిపోతారు. ఒకటి ఈల, చిక్కుకుపోతే అరిచే ఓపిక ఎక్కువసేపు ఉండదు. రెండోది బూట్లు, బురదలో చెప్పులు నిలవవు, లోపల రేకులూ మేకులూ ఉంటాయి. వాన రాత్రుల్లో అవి మంచం పక్కనే ఉండాలి.

ఇన్ని చేసినా ఇంట్లో ఉండగానే మొదలైతే: చెట్లు విరిగే చప్పుడు, రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకునే శబ్దం, లారీల వరస వస్తున్నట్టు నేల అదురు. వాగు పక్కనున్నవాళ్ళకి ఇంకో గుర్తు: నీరు ఉన్నట్టుండి బురదగా మారడం, లేదా ఇంత వానలోనూ ప్రవాహం ఒక్కసారిగా తగ్గిపోవడం. తగ్గిందంటే పైన చరియ అడ్డుపడి నీరు ఆగింది, అది తెగి వస్తుంది. చూడటానికి వెళ్ళొద్దు.

పరుగెత్తాల్సింది పక్కకి, కిందికి కాదు. బురద ప్రవాహం వాలున మనిషికన్నా వేగంగా దిగుతుంది, దాని దారిలోనే దిగితే అందుకుంటుంది. వాలుకి అడ్డంగా, వీలైతే కాస్త ఎత్తుకి, గట్టు లాంటి చోటికి వెళ్ళాలి. పల్లాలూ వాగు గాడులూ దాని దారులు. మీ మెట్ల దారి నేరుగా కిందికే పోతుంది కాబట్టి, పక్క సందులోంచి అడ్డంగా తప్పుకునే దారి ఏదో ఇప్పుడే నడిచి చూసుకోండి, పిల్లలకీ పెద్దవాళ్ళకీ చూపించండి. బయటపడే సమయం లేకపోతే కొండకి ఎదురు వైపున్న గదిలోకి, మేడ ఉంటే పైకి, కొండవైపు గోడలకీ కిటికీలకీ దూరంగా పోవాలి. గట్టి బల్ల కింద దూరి, ముడుచుకుని, రెండు చేతులతో తలా మెడా కప్పుకోండి. గ్యాసు కట్టేయడం, మెయిన్ స్విచ్ ఆపడం దారిలో చేతికి అందితేనే. దాని కోసం వెనక్కి పోవద్దు.

ఘాట్ రోడ్డు మీద ఉంటే, పైనుంచి చిన్న రాళ్ళు రాలుతున్నాయంటే ఆగి వీడియో తీయకండి. కోత కింద బండి ఆపకండి. రోడ్డు మీద రాళ్ళు పడి ఉంటే దిగి పక్కకి నెట్టడానికి పోవద్దు, వచ్చిన చోటి నుంచే ఇంకోటి వస్తుంది. లోయ వైపు తారులో పొడుగాటి పగులు ఉంటే ఆ అంచు మీదికి చక్రం పోనివ్వకండి. వంతెన దాటేముందు ఎగువకి ఒకసారి చూడండి.

పడ్డాక చేసే తప్పులే చాలామందిని బలి తీసుకుంటాయి. వయనాడ్‌లో అర్ధరాత్రి దాటాక మొదటిది వస్తే, తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో రెండోది వచ్చింది. మొదటిది పడగానే సామాన్ల కోసం, చూడటం కోసం ఎవరూ తిరిగి వెళ్ళకూడదు. పొరుగువాళ్ళు చిక్కుకుని ఉంటే మొదటి గంటల్లో కాపాడేది చుట్టుపక్కలవాళ్ళే, కాదనను. విజయవాడకి దగ్గర్లో కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) పదో బెటాలియన్ ఉన్నా చేరడానికి సమయం పడుతుంది. కానీ పద్ధతిగా చేయాలి. ఒక మనిషిని పక్కన సురక్షితమైన చోట, చరియ పైభాగం కనిపించేలా ఈలతో నిలబెట్టండి. ఈల వినగానే అందరూ పక్కకి పరుగెత్తాలన్నది ముందే చెప్పుకోవాలి. చిక్కుకున్నవాళ్ళని చివరిసారి ఎక్కడ చూశారో అక్కడ కర్ర పాతి గుర్తు పెట్టండి. కొద్దిసేపటికోసారి అందరూ మాటలు ఆపి చెవి పెట్టి వినండి. మనుషులున్న చోటి మీదికి జేసీబీ ఎక్కించొద్దు, పక్కనుంచి చేత్తోనూ పారతోనూ తీయాలి. తల దొరకగానే ముందు ముక్కు, నోటిలోని బురద తీసి ఊపిరి ఆడేలా చూడండి, కాళ్ళ మీది బరువు తర్వాత. కాలో చెయ్యో గంటల తరబడి బరువు కింద నలిగి ఉంటే ఆ మాట 108 వాళ్ళకి బరువు తీయకముందే చెప్పాలి: నలిగిన కండరంలోని విషాలు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండె ఆగే ప్రమాదముంది, వాళ్ళు ముందు సెలైన్ పెట్టాలి.

తిరిగి ఇంట్లోకి ఎప్పుడు? అధికారులు చూసి చెప్పాక, పగటిపూట, ఒకరు బయట కాపలా ఉండగా. గోడల్లో అడ్డపగుళ్ళు, స్తంభం దూలం కలిసే చోట పగులు ఉంటే లోపలికి పోకండి. గ్యాసు వాసన వస్తే స్విచ్ వేయొద్దు, వేసి ఉన్న స్విచ్ ఆపనూ వద్దు. కుళాయి పైపు, మురుగు పైపు రెండూ తెగి ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు నీళ్ళు మరిగించే తాగాలి. గాయం చిన్నదైనా టీటీ ఇంజెక్షన్ తీసుకోండి.

శుభ్రం చేయకముందే ప్రతి గదినీ బయటనుంచీ లోపలనుంచీ ఫొటోలు తీయండి. కొండచరియ విపత్తు సాయం జాబితాలో ఉంది. 2022–26 కాలానికి పెట్టిన లెక్కలో ప్రాణనష్టానికి 4 లక్షలు, పూర్తిగా కూలిన పక్కా ఇంటికి మైదానంలో 1.2 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.3 లక్షలు. చిక్కెక్కడంటే, అది అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలన్న నిబంధన ఉంది, కొండ మీది ఇళ్ళకి చాలావాటికి ఆ కాగితం ఉండదు. పట్టా, ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లు ఇప్పుడే స్కాన్ చేసి ఫోన్లో కాకుండా మెయిల్లో దాచుకోండి. బీమా కావాలనుకుంటే భారత్ గృహ రక్ష పాలసీలో కొండచరియ, నేల కుంగడం కవరవుతాయి. లోపభూయిష్టమైన కట్టుబడి వల్ల కలిగే నష్టం మాత్రం కవరవదు. గోడకి పొట్ట వచ్చిందని తెలిసీ బాగుచేయించకుండా ఉంటే క్లెయిమ్ దగ్గర పేచీ వచ్చేది అక్కడే. కాబట్టి ఇంజనీరు రిపోర్టు తెప్పించుకుని, మరమ్మతు బిల్లులు దానికి జత చేసి ఉంచండి.